బర్రె మీద వ్యాసం (మన పుస్తకాలు – 7)



మనలో చాలామంది "ఆ – ఆవు" అని దిద్దినవాళ్లమే. ఆవు మీద వ్యాసం బట్టీ పట్టాం. బర్రె మీద రాయమని ఒక్క సారూ అడగలేదు. బడిలో అది తిట్టుగానే వినిపించేది. లెక్క తప్పితే "దున్నపోతా, బర్లు కాసుకోపో" అనేవారు. ఇంటికి పోయి నేను చేసేది ఆ పనే. ఆ బర్రె పాలు అమ్మిన పైసలతోనే నా పలకా బలపం వచ్చాయి.

అందుకే ఈసారి 2007లో నవయాన వేసిన పిల్లల పుస్తకం 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్' గురించి. రాసింది కంచ ఐలయ్య గారు, వరంగల్ జిల్లా పాపయ్యపేటలో గొర్రెలు కాసే కురుమ ఇంట పుట్టినవారు. బొమ్మలు గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్‌వి. పశువుల కాపరులు, తోలు పనివారు, కుమ్మరులు, చాకళ్లు, మంగళ్లు... ఒక్కో పనిలోని తెలివిని పిల్లలకు చెబుతుంది.

దానికి ఏడాది ముందే, 2006లో, ఓబీసీ రిజర్వేషన్లు వద్దంటూ ఢిల్లీలో మెడికల్ విద్యార్థులు చీపుర్లు పట్టి రోడ్లు ఊడ్చారు. మన అమ్మలు రోజూ చేసే పని వాళ్లకు నిరసన వేషం!

తోలు సంగతే చూడండి. పచ్చి తోలు ఊరికే వదిలేస్తే కుళ్లిపోతుంది. మాదిగ పెద్దలు దాన్ని సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క వేసిన లందలో రోజుల తరబడి ఊరబెట్టేవారు. చెక్కలోని టానిన్ తోలులోని ప్రోటీన్‌ను పట్టుకుంటుంది, ఇక కుళ్లదు. ఇది కెమిస్ట్రీ, కాకపోతే మార్కులు రాలేదు. మోట కొట్టే రోజుల్లో తోలు బొక్కెన లేకుంటే దొర పొలానికి బావి నీళ్లు పారవు. లంద వాసనకు ముక్కు మూసుకున్నవాళ్లు తిన్నది ఆ నీళ్లతో పండిన బువ్వే.

దుర్గాబాయి, భర్త సుభాష్‌తో కలిసి 2011లో 'భీమాయణ'కూ బొమ్మలు వేశారు. అందులో కులం విషం కక్కే మాటలకు తేలు కొండి ఉంటుంది. మహద్ చెరువులో పశువులు తాగొచ్చు, మనం ముట్టరాదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వెంట జనం వెళ్లి ఆ నీళ్లు తాగారు. తర్వాత సవర్ణులు ఆవు పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపి పోసి చెరువును "శుద్ధి" చేశారు. మనిషి చెయ్యి మైల, ఆవు మూత్రం మడి!

మొన్న మా చెల్లె కొడుక్కి ఐలయ్య గారి పుస్తకం చూపించా. సాయంత్రానికి నోట్‌బుక్‌లో వాళ్ల బర్రెను గీశాడు. కొమ్ముల దగ్గర నాలుగుసార్లు చెరిపాడు. కింద పేరు కూడా రాశాడు: లచ్చి.

వచ్చే భాగం లంద పనిముట్ల మీద. మీ ఊళ్లో వాటిని ఏమనేవారో పెద్దల్ని అడిగి రాసి పంపండి. మా తాత చెప్పినవాటిలో నాకు నాలుగే గుర్తున్నాయి.