ఖాళీ పడని ఆసుపత్రులు

తెలుగులో తొలి జాంబీ సినిమాగా ప్రచారం పొందిన ‘జాంబీ రెడ్డి’ కథ రాయలసీమలో జరుగుతుంది. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఆ సినిమాలో దర్శకుడు ప్రశాంత్ వర్మ కరోనా కాలపు వైరస్ భయాన్ని తీసుకెళ్లి కర్నూలు వైపు ఒక ఫ్యాక్షన్ ఇంటి పెళ్లిలో పడేశాడు. పగలున్నాయి, వేటకొడవళ్లున్నాయి, కరిచే శవాలున్నాయి. తక్కువ ఖర్చుతో ఇలాంటి సినిమా తీసే అమెరికా, కెనడా కుర్రాళ్లకు ముందుగా గుర్తొచ్చే చోటు మాత్రం అందులో లేదు: మూతబడ్డ పిచ్చాసుపత్రి. (ఈ మాట ఇప్పుడు అనకూడనిదే. పాత సంగతి చెబుతున్నాను కాబట్టి పాత మాట వాడుతున్నాను.) మన దెయ్యాల సినిమాలు ఎన్ని తిరగేసినా గడీలు, బంగళాలు, ఫామ్‌హౌస్‌లు, అద్దె ఫ్లాట్లే ఎక్కువగా తగులుతాయి. పిచ్చాసుపత్రిని భయానికి నడిబొడ్డుగా నిలిపిన సినిమా అరుదు. దీనికి కారణం మన నమ్మకాల్లో కన్నా మన ఆసుపత్రుల చరిత్రలోనే ఎక్కువగా ఉందని నా వాదన. చౌకగా భయపెట్టాలంటే ఖాళీ భవనం కావాలి. తిరుపతి, చిత్తూరు సీమకు అలాంటి భవనం మిగల్లేదు. ఎందుకు మిగల్లేదన్నది సినిమా కన్నా పెద్ద కథ.

ముందు ఖాళీ భవనం సంగతి తేల్చుకుందాం. జాంబీ సినిమాలకు మూలపురుషుడైన జార్జ్ రొమేరో 1968 నాటి ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ను లక్షా పద్నాలుగు వేల డాలర్లు అటూఇటూగా ముగించాడు. పెన్సిల్వేనియాలో ఇవాన్స్ సిటీ దగ్గర కూల్చివేతకు సిద్ధంగా ఉన్న ఒక పాత రైతు ఇల్లు అతనికి దొరికింది. తలుపులకూ కిటికీలకూ అడ్డదిడ్డంగా చెక్కలు కొట్టినా అడిగేవాడు లేడు. మనుషులు లోపల, శవాలు బయట. ఆ ఇల్లే కథకు ఆకారమైంది. తర్వాతి తరాలకు ఇంకా పెద్ద ఖాళీ దొరికింది. 1955లో అమెరికా రాష్ట్రాల మానసిక వైద్యశాలల్లో దాదాపు 5,58,000 మంది రోగులు ఉండేవారు. క్లోర్‌ప్రోమజైన్ వంటి మందులు వచ్చాయి. 1963లో కెన్నెడీ సంతకంతో సామాజిక మానసిక ఆరోగ్య కేంద్రాల చట్టం వచ్చింది. ఖర్చు వదిలించుకోవాలన్న రాష్ట్రాల ఆత్రం వీటికి తోడై, 1990ల నాటికి ఆ సంఖ్య లక్ష లోపుకు పడిపోయింది. రోగులు వెళ్లిపోయారు, కోటల్లాంటి భవనాలు మిగిలాయి. మసాచుసెట్స్‌లో 1878లో తెరిచిన డాన్వర్స్ ఆసుపత్రి 1992లో మూతపడితే, 2001లో వచ్చిన ‘సెషన్ 9’ను అక్కడే తీశారు. 2011 నాటి ‘గ్రేవ్ ఎన్‌కౌంటర్స్’కు కెనడాలోని రివర్‌వ్యూ ఆసుపత్రి అక్కరకొచ్చింది. పెచ్చులూడిన గోడలు, తుప్పుపట్టిన మంచాలు, కొస కనిపించని వరండాలు అన్నీ సిద్ధం. కళాదర్శకుడికి ఇవ్వాల్సిన డబ్బు ఆ సినిమాలకు చాలావరకు మిగిలింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. చిత్తూరుకు పిచ్చాసుపత్రి ఎన్నడూ లేదనుకుంటే పొరపాటు. ఈస్టిండియా కంపెనీ పాలన తొలి రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో స్థానికుల కోసం ఇలాంటి ఆశ్రమాలు చిత్తూరులో, మచిలీపట్నంలో, తిరుచిరాపల్లిలో ఉండేవి. ఈ మూడు ఊళ్లే ఎందుకన్నదానికి జవాబు వైద్యంలో దొరకదు, న్యాయవ్యవస్థలో దొరుకుతుంది. అప్పట్లో ప్రెసిడెన్సీ మొత్తానికి నాలుగు ప్రొవిన్షియల్ కోర్టులు పెడితే అందులో మూడు ఈ ఊళ్లలోనే ఉన్నాయి, నాలుగోది తలచ్చేరిలో. ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణమైన చిత్తూరు, మధ్య విభాగపు కోర్టుకూ నెలవు. వీధిలో అల్లరి చేసేవాణ్ణి, నేరం చేసినా శిక్ష వేయడానికి వీల్లేనివాణ్ణి ఎక్కడో ఒకచోట ఉంచాలి కదా. కోర్టు ఉన్నచోట జైలు ఎలా వెలిసిందో ఆశ్రమమూ అలాగే వెలిసిందని అనుకోవడం సబబు. 1843లో ఆ కోర్టులు రద్దయ్యాయి. 1871లో మద్రాసు కీల్పాక్‌లో 145 మందితో పెద్ద అసైలం తెరిచారు. ఇంచుమించు అదే సమయంలో విశాఖపట్నంలో ఒకటి, కాలికట్‌లో ఒకటి వచ్చాయి. ఆ కొత్త జాబితాలో చిత్తూరు లేదు. చిన్న ఆశ్రమం పోయినచోట డాన్వర్స్ లాంటి కోట లేవలేదు.

కోర్టుతో పడిన ఈ ముడి తర్వాతా వదల్లేదు. 1858 నాటి 36వ చట్టం ప్రకారం దిక్కులేక తిరిగేవాళ్లనూ ప్రమాదకరమనిపించినవాళ్లనూ పోలీసులు పట్టుకొచ్చి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఆయన ఉత్తర్వు రాస్తే అసైలానికి పంపాలి. అంటే తిరుపతిలోనో పలమనేరులోనో ఒకడికి మతి చలిస్తే, వాడు రోడ్డెక్కి గొడవ చేసినప్పుడే ప్రభుత్వం కంటపడేవాడు. ఇంటి మూల కూర్చుని గోడతో మాట్లాడుకునేవాడు పడేవాడు కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అసైలాలను జైళ్ల అధికారుల చేతి నుంచి వైద్యుల చేతికి మార్చారు, 1912లో కొత్త చట్టం వచ్చింది, 1922లో కీల్పాక్ అసైలానికి మెంటల్ హాస్పిటల్ అని పేరు మారింది. పడకలు మాత్రం పెద్దగా పెరగలేదు. 1946లో ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ లెక్కేస్తే దేశమంతటా కలిపి తేలినవి దాదాపు పది వేలు. జనాభా నలభై కోట్లు. అమెరికా గోడల మధ్య దాచిన మనుషుల సంఖ్యతో పోలిస్తే ఇది లెక్కకే రాదు. ఉన్న పది వేల పడకల మీదా అంతకు మించిన జనమే. అలాంటి ఆసుపత్రి ఖాళీ ఎలా పడుతుంది?

మరి మిగతా వాళ్లంతా ఎక్కడున్నారు? ఇళ్లలో ఉన్నారు, గుళ్ల దగ్గర ఉన్నారు. పాత ఉత్తర ఆర్కాటులోనే, చిత్తూరుకూ నగరికీ అందుబాటులో ఘటికాచలం ఉంది. ఇప్పటి వాడుకలో షోళింగర్. పెద్ద కొండ మీద యోగ నరసింహుడు, చిన్న కొండ మీద ఆంజనేయుడు. మతి చలించిందనో గాలి సోకిందనో అనుకున్న మనిషిని బంధువులు వెంటబెట్టుకొచ్చి కింద కొలనులో తలారా స్నానం చేయించి, తడిబట్టలతోనే కొండెక్కించే ఆచారం అక్కడ పాతది. నెల్లూరు జిల్లా కసుమూరు దర్గాకూ ఇలాగే వెళ్తారు, మతం అడ్డు రాదు. తిరుపతి గంగమ్మ జాతర రోగుల కోసం పెట్టింది కాకపోయినా ఈ సీమ మనసు తెలియడానికి దాన్ని కాస్త దగ్గరగా చూడాలి. వారం రోజులు కైకాల కుటుంబంవాళ్లు వేషం మీద వేషం కడతారు. బండ వేషం రోజున ఒంటికి రంగు పూసుకున్న జనం నడివీధిలో నోటికొచ్చిన బూతులు తిడుతుంటే ఎవరూ ఏమీ అనుకోరు. చివరి తెల్లవారుజామున గుడి ముందు నిలిపిన అమ్మవారి మట్టి విశ్వరూపానికి చెంప తొలగిస్తారు. ఆ మట్టి పెళ్లల కోసం జనం తోసుకుంటారు, రోగాలకు మందని ఇళ్లకు తీసుకెళ్లి దాచుకుంటారు. పూనకం, తిట్టు, వెర్రి ఇక్కడ పదిమంది కళ్ల ముందే జరిగేవి. తాళం వేసిన తలుపు వెనక ఏం జరుగుతోందో అన్న భయానికి ఇక్కడ తావు తక్కువ.

దీన్ని చదివి, మన పద్ధతే మేలని పొంగిపోయేవాళ్లు ఉంటారు. వాళ్లకు ఏర్వాడి గుర్తు చేయాలి. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గా చుట్టూ వెలిసిన ప్రైవేటు ఆశ్రమాల్లో ఒకదాని కొట్టానికి నిప్పంటుకుంది. కాళ్లకు గొలుసులుండటంతో లేచి పరిగెత్తలేక 28 మంది చనిపోయారు. ఆ తర్వాతే సుప్రీంకోర్టు ఈ సంగతి తనంతట తాను విచారణకు తీసుకుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని సూటిగా నిషేధించింది. గోడలు లేనంత మాత్రాన క్రూరత్వం లేదనుకోలేం. కొట్టంలో గుంజకు కట్టేయడం, వంటింటి వెనక గదిలో ఏళ్లకేళ్లు ఉంచడం ఈ సీమకూ కొత్త కాదు. నేను చెప్పేది మంచిచెడ్డల తీర్పు కాదు. బాధ ఎక్కడ ఉందో భయమూ అక్కడే ఉంటుంది. ఇక్కడ బాధ ఉన్నది ఇంట్లో. అందుకే భయమూ ఇంట్లోనే తిష్ఠ వేసింది.

ఇంకో ఆక్షేపణ ఉంది. ఆధునిక వైద్యం వచ్చాక పెద్ద ఆసుపత్రులు వచ్చాయి కదా, అవైనా ఆ భయాన్ని పుట్టించాలి కదా అని. ఉమ్మడి చిత్తూరు జిల్లా విషయంలో జవాబు చాలా సూటిగా దొరుకుతుంది. జిల్లా నుంచి జనం ఎక్కువగా వెళ్లిన చోటు వెల్లూరు సి.ఎం.సి. ఆసుపత్రి. అది చిత్తూరుకు నలభై కిలోమీటర్ల లోపే. ఆ సంస్థ 1957లో బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రం పెట్టినప్పుడు ఒక షరతు పెట్టుకుంది: రోగితో పాటు ఇంటి మనిషి ఒకరు ఉండాల్సిందే. అదే దశకంలో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి బంధువులను ఉంచిన ప్రయోగానికి ఇది దక్షిణాది తోబుట్టువు. కొడుక్కు మందు మింగించే తల్లి, భర్తకు అన్నం కలిపిపెట్టే భార్య పక్కనే ఉన్న వార్డులో నిర్మానుష్యమైన వరండా దొరకదు. పడమటివైపు మదనపల్లె, కుప్పం జనానికి బెంగళూరు నిమ్హాన్స్ దగ్గర. 1974లో ఆ పేరుతో ఏర్పడిన ఆ సంస్థే 1980లలో బళ్లారి జిల్లాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడే మానసిక జబ్బులకు మందు రాసివ్వగల పద్ధతిని నడిపి చూపింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా అదే. బళ్లారి ఒకనాడు దత్తమండలాల్లోదే కాబట్టి, ఈ పద్ధతిని సీమ దేశానికిచ్చిన కానుక అనుకున్నా అతిశయోక్తి కాదు. తిరుపతిలోనూ మానసిక రోగి వెళ్లేది రుయా లాంటి పెద్దాసుపత్రికే, జ్వరాలవాళ్లూ కాన్పులవాళ్లూ ఎక్కే మెట్లే ఎక్కి.

డాన్వర్స్‌కు ఆకారంలో దగ్గరగా వచ్చేది ఉమ్మడి జిల్లాలో ఒక్కటుంది. అది పిచ్చాసుపత్రి కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానిటోరియం 1915లో మొదలైంది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమట్-మోలర్ దాన్ని పెంచాడు. ఊరికి దూరంగా, పొడి గాలి కోసం ఎంచుకున్న నేల. నెలల తరబడి మంచం పట్టిన జనం. ఇంటికి తిరిగొస్తారో లేదో తెలియని వీడ్కోళ్లు. భయానక చిత్రానికి ఇంతకన్నా ఏం కావాలి? క్షయకు మందులొచ్చాక ఐరోపాలో ఇలాంటి శానిటోరియాలు ఎన్నో పాడుబడ్డాయి. ఆరోగ్యవరం పాడుబడలేదు. సాధారణ ఆసుపత్రిగా మారి పనిచేస్తూనే ఉంది. వైద్యానికి కరువున్న చోట ఆసుపత్రి మంచాన్ని ఎవరూ వృథాగా వదలరు.

జాంబీ అనేదే మనది కాదు, అందుకే ఆ సినిమాలు లేవు అనేవారికి బేతాళుణ్ణి చూపిస్తే చాలు. శవంలో దూరి, రాజు భుజం మీద ఊరేగుతూ, ప్రశ్నలు కూడా వేసే దెయ్యం మనకు ‘చందమామ’ పుణ్యమా అని ఇంటింటి చుట్టం. పైగా జాంబీ అమెరికాకూ సొంతం కాదు, హైతీ నుంచి తెచ్చుకున్నదే. దెయ్యం ఏ దేశానిదైనా దాన్ని కాపురం పెట్టించేది దొరికిన ఇల్లు. రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’, ‘దెయ్యం’ మొదలుకొని 2012లో ‘అవును’, 2013లో ‘ప్రేమకథా చిత్రమ్’ దాకా ఎక్కువగా నాలుగు గోడల మధ్య నడిచినవే. ‘అరుంధతి’ గడికి సీమలోని బనగానపల్లె నవాబు బంగళా ముఖమిచ్చింది. మానసిక వైద్యశాల తెలుగు తెరకు ఎక్కినప్పుడు వేరే రసంలో ఎక్కింది. 1960లో గుత్తా రామినీడు ‘చివరకు మిగిలేది’ తీసినప్పుడు అది నర్సుగా సావిత్రి కరిగిపోయిన చోటు. బెంగాలీ మూలం నుంచి వచ్చినా ఆ కరుణ మనకు వెంటనే అందింది. తర్వాత వచ్చిన సినిమాల్లో అది వెకిలి హాస్యానికి అడ్డా అయింది. ‘ఎర్రగడ్డ (హైదరాబాద్‌లో మానసిక వైద్యశాల ఉన్న చోటు) నుంచి పారిపోయి వచ్చావా’ అనే జోకు భయపెట్టదు, చులకన చేస్తుంది. జబ్బు వచ్చినవాణ్ణి ఆసుపత్రి గడప తొక్కనివ్వని సిగ్గులో ఆ జోకుకూ వాటా ఉందని నా అభిప్రాయం. అది చాలదన్నట్టు ఇప్పుడు భయాన్ని కూడా దిగుమతి చేసుకోవాలా?

ఫోన్ కెమెరాలతో చిన్న సినిమాలు తీసే తిరుపతి, చిత్తూరు కుర్రాళ్లకు నా మనవి ఒక్కటే. తీస్తే జాంబీ సినిమానే తీయండి, చౌకగానే తీయండి. పనిచేస్తున్న మానసిక వైద్యశాల బోర్డును మాత్రం దానికి వాడుకోకండి. మన జిల్లాల్లో నిజంగా ఖాళీ పడిన భవనాలు వేరే ఉన్నాయి: చిత్తూరులోనూ, రేణిగుంట దగ్గర గాజులమండ్యంలోనూ సహకార చక్కెర ఫ్యాక్టరీలు మూతబడ్డాయి.