ముసాయిదా ఎవరి చేతిది: సౌదీ షూరా సభలో చట్టాల ప్రతిపాదన

చట్టసభల చరిత్ర రాసేవారు సాధారణంగా ఓటుహక్కు ఎవరికి, ఎప్పుడు దక్కిందన్న ప్రశ్నతో మొదలుపెడతారు. సభ్యులందరినీ రాజే నియమించే సౌదీ అరేబియా షూరా సభ విషయంలో ఆ ప్రశ్న ఎంతో దూరం సాగదు కనుక, అక్కడ అడగవలసింది వేరొకటి ఉంది: కొత్త చట్టపు ముసాయిదాను సభ ముందుకు తెచ్చే అధికారం ఎవరిది, వచ్చిన ముసాయిదా ఏ కమిటీ బల్ల మీదికి చేరాలో నిర్ణయించేది ఎవరు? గత వందేళ్లలో ఈ రెండు ప్రశ్నలకు దొరికిన జవాబులు కొద్దికొద్దిగా మారుతూ వచ్చాయి. ఆ మార్పులే షూరా సభ అసలు చరిత్ర.

పరిభాషను ముందుగా తెలుసుకోవడం అవసరం. ‘మజ్లిస్ అల్ షూరా’ అంటే సంప్రదింపుల సభ. సౌదీ న్యాయ సిద్ధాంతం ప్రకారం శాసనం దైవదత్తమైన షరియా ఒక్కటే. పాలన కోసం మనుషులు రాసుకునే నిబంధనలను అక్కడ చట్టం అనకుండా ‘నిజాం’, అంటే వ్యవస్థ లేదా క్రమం, అని వ్యవహరిస్తారు. నిజాం ఏదైనా ‘మర్సూం మలకీ’ అనే రాజశాసనం ద్వారానే వెలువడుతుంది, దాని సంఖ్య ముందు ‘మీమ్’ అనే అరబ్బీ అక్షరం ఉంటుంది. నియామకాలు, మౌలిక శాసనాల వంటివాటికి రాజు నేరుగా ఇచ్చే ఉత్తర్వుల ముందు ‘అలిఫ్’ ఉంటుంది. రెండూ చివరకు అచ్చయ్యేది 1924 డిసెంబరులో మక్కాలో మొదలై నేటికీ అధికారిక గెజెట్‌గా సాగుతున్న ‘ఉమ్ అల్ ఖురా’ పత్రికలోనే.

ఆ పత్రిక పుట్టిన ఏడాదే సభ కూడా మొలకెత్తింది. నజ్ద్ పాలకుడు అబ్దుల్ అజీజ్ ఇబ్న్ సౌద్ సేనలు 1924లో మక్కాలో ప్రవేశించేనాటికి హిజాజ్ ప్రాంతానికి ఉస్మానీ సామ్రాజ్యం నేర్పిన కార్యాలయ పద్ధతులు, పురపాలక సంఘాలు, వర్తక న్యాయస్థానాల అలవాటు ఉన్నాయి. నజ్ద్ ఎడారి పట్టణాలకు అవేవీ లేవు. గెలిచిన ప్రాంతాన్ని పాలించాలంటే అక్కడి పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడక తప్పదని గ్రహించిన పాలకుడు మక్కా ప్రముఖులతో ఒక స్థానిక సభను ఏర్పరచాడు. 1926 ఆగస్టులో వెలువడిన హిజాజ్ రాజ్య మౌలిక ఆదేశాలు షూరా సభకు రాతపూర్వకమైన స్థానం కల్పించాయి. మరుసటి ఏడాది, 1927లో, సభను పునర్వ్యవస్థీకరించి, రాజప్రతినిధిగా ఉన్న యువరాజు ఫైసల్ అధ్యక్షతన ఎనిమిదిమంది సభ్యులతో కొత్త రూపమిచ్చారు. వారిలో నలుగురిని అనుభవజ్ఞులను సంప్రదించి ప్రభుత్వం ఎంచుకోవాలి, మిగిలిన నలుగురిని తానే ఎంచుకోవచ్చు, అయితే ఈ రెండో జట్టులో ఇద్దరు నజ్ద్ వారై ఉండాలి. గెలిచినవారికీ ఓడినవారికీ మధ్య కుదిరిన ఏర్పాటు ఈ లెక్కలోనే కనిపిస్తుంది.

ఆనాటి సభకు అప్పగించిన పనుల జాబితా చదివితే అది చట్టసభో పురపాలక సంఘమో తేల్చుకోవడం కష్టం. ప్రభుత్వ శాఖల బడ్జెట్లతో పాటు మక్కాకు నీరు తెచ్చే ప్రాచీన కాలువ ఐన్ జుబైదా లెక్కలు, ఆర్థిక సంస్థలకు అనుమతులు, ప్రజావసరాల కోసం భూసేకరణ, విదేశీ ఉద్యోగుల నియామకం, వీటి నడుమ ఒక పద్దుగా నిబంధనల రచన కూడా ఉన్నాయి. వర్తకుల తగాదాలను పరిష్కరించడానికి ఉస్మానీ వాణిజ్య స్మృతి నమూనాలో 1931లో వచ్చిన వాణిజ్య న్యాయస్థాన నిజాం ఆ కాలపు రచనల్లో అందరికీ తెలిసినది. విషయం ప్రభుత్వం నుంచి రావాలి, సభ దాన్ని దిద్దాలి, రాజు ముద్ర వేయాలి అనే క్రమం అప్పుడే స్థిరపడింది. కొద్దిమంది సభ్యులే ఉన్న సభకు శాశ్వత కమిటీల అవసరం పెద్దగా లేదు, సభే ఒక కమిటీ.

1932 సెప్టెంబరులో హిజాజ్, నజ్ద్ ఒకే రాజ్యంగా ఏకమైనా మక్కాలోని సభ పరిధి దానితోపాటు విస్తరించలేదు. 1953 అక్టోబరులో, మరణానికి నెలరోజుల ముందు, రాజు అబ్దుల్ అజీజ్ మంత్రిమండలిని స్థాపించడంతో ముసాయిదాల ప్రవాహం అటు మళ్లింది; 1958 నాటి మంత్రిమండలి నిజాం శాసనరచనను కూడా మంత్రులకే అప్పగించింది. షూరా సభను ఎవరూ రద్దు చేయలేదు, కానీ దానికి కాగితాలు పంపడం మానేశారు. ప్రతిపాదన హక్కు సొంతంగా లేని సభకు రద్దు ఉత్తర్వు కూడా అక్కరలేదని ఈ ఉదంతం రుజువు చేస్తుంది. 1962లో ఫైసల్ ప్రకటించిన పది అంశాల కార్యక్రమంలోనూ, 1979లో మక్కా మసీదును సాయుధులు ఆక్రమించిన ఘటన తర్వాత 1980లోనూ కొత్త షూరా సభ హామీగా వినిపించి మరుగున పడింది. కువైట్ యుద్ధకాలంలో ఉదారవాదులు, మతపండితులు వేర్వేరుగా రాజుకు వినతిపత్రాలు సమర్పించాక గాని అది కార్యరూపం దాల్చలేదు.

1992 మార్చి 1న రాజు ఫహద్ ఒకేరోజు మూడు శాసనాలు వెలువరించాడు: పాలనకు సంబంధించిన మౌలిక నిజాం, షూరా సభ నిజాం, ప్రాంతాల నిజాం. అంతకుముందు న్యాయశాఖ మంత్రిగా ఉన్న షేక్ ముహమ్మద్ బిన్ జుబైర్ అధ్యక్షుడిగా, 60 మంది సభ్యులతో కొత్త సభను 1993 డిసెంబరు 29న రియాద్‌లో ఫహద్ ప్రారంభించాడు. సభ్యుల సంఖ్య 1997లో 90కి, 2001లో 120కి, 2005లో 150కి పెరిగింది. పదవీకాలం నాలుగు హిజ్రీ సంవత్సరాలు. ప్రతి కొత్త సభలో కనీసం సగంమంది కొత్తవారుండాలి.

ఈ నిజాంలో 23వ అధికరణం ఈ వ్యాసానికి కేంద్రం. 1992 నాటి పాఠం ప్రకారం సభ్యుల్లో పదిమంది కలిసి కొత్త నిజాం ముసాయిదాను గాని, అమల్లో ఉన్న నిజాంకు సవరణను గాని ప్రతిపాదించవచ్చు, కానీ దాన్ని సభాధ్యక్షుడికి అందించాలి, అధ్యక్షుడు దాన్ని రాజుకు నివేదించాలి. ప్రతిపాదన ముందు సభలో చర్చకు రావడం, కమిటీకి వెళ్లడం, ఆ తర్వాత పైకి పోవడం అన్న క్రమం ఇందులో లేదు. కాగితం ముందు రాజప్రాసాదానికి వెళ్లాలి, అక్కడినుంచి తిరిగివస్తేనే సభ దాన్ని చూడగలదు. భారత పార్లమెంటులో బిల్లును ప్రవేశపెట్టడమంటే సభ ఎదుట లేచి నిలబడి అనుమతి కోరడం. రియాద్‌లో అప్పటికి అది పదిమంది సంతకాలతో పెట్టుకునే ఒక వినతి మాత్రమే. సౌదీ రాజ్యాన్ని విమర్శించడానికి తొందరపడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మంత్రులు కాని సభ్యులు ప్రవేశపెట్టే ప్రైవేటు బిల్లుల్లో 1952 నుంచి భారతదేశంలో చట్టాలైనవి 14 మాత్రమే, 1970 తర్వాత ఒక్కటీ లేదు. హక్కు నియమావళిలో ఉండటం వేరు, చెల్లుబాటు కావడం వేరు.

కమిటీల వ్యవస్థ మాత్రం మొదటినుంచే పటిష్ఠంగా రూపొందింది. 1993 ఆగస్టులో వెలువడిన అంతర్గత నియమావళి ప్రకారం సభ తన సభ్యులనుంచే విషయాలవారీ కమిటీలను ఏర్పరచుకుంటుంది; ఒక్కోదానిలో అయిదుగురికి తక్కువ కాకుండా సభ్యులు, ఒక అధ్యక్షుడు, ఒక ఉపాధ్యక్షుడు ఉంటారు. విచిత్రమేమంటే భారత పార్లమెంటులో శాఖలవారీ స్థాయీ సంఘాలు ఏర్పడింది కూడా 1993లోనే. సౌదీ కమిటీల పైన సభాధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కమిటీల అధ్యక్షులు కూర్చునే ‘సాధారణ మండలి’ ఉంది. కార్యక్రమ పట్టికను తయారుచేసేది అదే. అందువల్ల ముసాయిదా ఏ కమిటీకి చెందుతుందో, కమిటీ నివేదిక ఎప్పుడు సభకు వస్తుందో తేల్చే శక్తి ఆచరణలో అధ్యక్షుడి చుట్టూ ఉన్న ఈ చిన్న వలయానికే దక్కింది.

కమిటీలోకి చేరిన కాగితం నడిచే తీరు ఓపికతో గమనించదగినది. మంత్రిత్వ శాఖ రాసిన ముసాయిదా మంత్రిమండలికి అనుబంధమైన నిపుణుల విభాగంలో న్యాయపరమైన పరిశీలన పూర్తి చేసుకుని, షూరా సభకు చేరి, సంబంధిత కమిటీకి వెళ్తుంది. కమిటీ అవసరమనుకుంటే సభాధ్యక్షుడి అనుమతితో బయటి నిపుణుల సాయం తీసుకోవచ్చు. నివేదిక సభకు వచ్చాక సభ్యులు ఒక్కొక్కరు పది నిమిషాలకు మించకుండా మాట్లాడతారు. ఆ వ్యాఖ్యలను కమిటీ వెనక్కి తీసుకువెళ్లి, వాటి మీద తన అభిప్రాయంతో మరో సమావేశంలో తిరిగివస్తుంది. అప్పుడు ఓటింగు జరుగుతుంది. సమావేశానికి మూడింట రెండువంతుల హాజరు తప్పనిసరి. మొదటి ఓటింగులోనూ, తర్వాతి సమావేశంలో మళ్లీ జరిపే ఓటింగులోనూ ఆధిక్యం లభించకపోతే, జరిగిన అధ్యయనాన్ని, రెండు ఓటింగుల ఫలితాలను అధ్యక్షుడు రాజు ముందుంచుతాడు. ఓటమిని సభ తనంత తానుగా ప్రకటించుకోలేని ఈ నియమం సంప్రదింపుల సభకూ శాసనసభకూ మధ్య ఉన్న తేడాను బయటపెడుతుంది.

2003 నవంబరులో 17, 23 అధికరణాలను రాజు సవరించాడు. చూడటానికి చిన్నదిగా ఉన్న ఆ మార్పే ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద మలుపు. కొత్త పాఠంలో పదిమంది లెక్క పోయింది. ముసాయిదాను ప్రతిపాదించి, సభలోపలే అధ్యయనం చేసే అధికారం సభకు వచ్చింది. అధ్యక్షుడు రాజుకు నివేదించేది ఇక ప్రతిపాదనను కాదు, సభ చేసిన నిర్ణయాన్ని. 17వ అధికరణం సవరణ వల్ల షూరా సభ, మంత్రిమండలి విభేదిస్తే విషయం నేరుగా రాజు తీర్పుకు పోకుండా మరోసారి షూరా సభకు తిరిగివస్తుంది. తుదిమాట రాజుదే అయినా, కాగితం ఇప్పుడు కమిటీ గదినుంచి పుట్టవచ్చు.

ఆచరణలో ఆ దారి ఎంత పొడవో చెప్పడానికి తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఉంది. కడప, కోనసీమ, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాలనుంచి ఇంటిపనికీ, ఇంటి డ్రైవర్లుగానూ వెళ్లినవారిలో పలువురు చేరింది సౌదీ కుటుంబాల్లోకే. 2005 సెప్టెంబరు నాటి కార్మిక నిజాం తన ఏడో అధికరణంలో ఇంటి పనివారిని పరిధినుంచి తప్పించి, వారికోసం వేరే నిబంధనలు రాయాలని మంత్రిత్వ శాఖను ఆదేశించింది. రోజుకు కనీసం తొమ్మిది గంటల విశ్రాంతి, తగిన వసతి వంటి అంశాలతో షూరా సభ 2009 జులైలో ఒక ముసాయిదాను ఆమోదించింది. అది మంత్రిమండలికి వెళ్లి, 2013 జులైలో గాని బయటికి రాలేదు. అప్పటికి దాని రూపమూ మారింది: మీమ్ సంఖ్యతో రాజశాసనంగా కాకుండా ‘లాయిహా’, అంటే మంత్రిమండలి జారీచేసే నియమావళి స్థాయిలో, తొమ్మిది గంటల విశ్రాంతి, వారానికి ఒక సెలవు, రెండేళ్లకు నెలరోజుల వేతన సెలవు వంటి నిబంధనలతో వెలువడింది. 2005 ఆదేశానికీ దీనికీ మధ్య దాదాపు ఎనిమిదేళ్లు. ఆ ఎనిమిదేళ్లూ కఫీల్ అనే యజమాని-పూచీదారు మాటే ఇంట్లో చట్టంగా నడిచింది.

కమిటీ పరిధి అనే సాంకేతిక విషయం ఎంత బలమైన ఆయుధమో అదే 2013లో తేలింది. రాజు అబ్దుల్లా ఆ ఏడాది జనవరిలో 30 మంది మహిళలను సభకు నియమించి, అయిదోవంతు స్థానాలు వారికే ఉండాలని శాసించాడు. అక్టోబరులో లతీఫా అల్ షాలాన్, హయా అల్ మనీ, మునా అల్ మషీత్ అనే ముగ్గురు సభ్యులు, రవాణా మంత్రిత్వ శాఖ వార్షిక నివేదిక చర్చకు వచ్చినప్పుడు, మహిళలు వాహనాలు నడిపే హక్కును గుర్తించాలన్న సిఫారసును దానికి జతచేయమని కోరారు. ఆ అంశం రవాణా శాఖకు సంబంధించినది కాదన్న కారణంతో సభ దాన్ని చేపట్టలేదు. వాహనం నడపడం రవాణా కిందికి రాదనే వాదన విన్నవారికి నవ్వు రావచ్చు. కానీ ఒక ప్రతిపాదనను ఓడించకుండానే పక్కన పెట్టే పద్ధతి ప్రపంచంలోని ప్రతి సభకూ తెలిసినదే. 2005లో ముహమ్మద్ అల్ జుల్ఫా అనే సభ్యుడు అదే ప్రశ్న లేవనెత్తినప్పుడు కూడా చర్చ సాగలేదు. చివరికి 2017 సెప్టెంబరు 26న రాజు సల్మాన్ ఉత్తర్వుతో నిషేధం తొలగింది, 2018 జూన్ 24న మహిళలు చక్రం పట్టారు. సభ ఓటు లేకుండానే.

బాల్యవివాహాల విషయంలో కాస్త భిన్నంగా జరిగింది. 15 ఏళ్లలోపు పెళ్లిని నిషేధించి, 18 లోపు పెళ్లిని న్యాయస్థానం పరిశీలనకు అప్పగించే ప్రతిపాదనను షూరా సభ 2019 జనవరిలో ఆమోదించింది. 18 ఏళ్లలోపు పెళ్లి న్యాయస్థానానికి వెళ్లాలన్న నియమం 2022 మార్చిలో వెలువడిన వ్యక్తిగత స్థితి నిజాంలో చోటు చేసుకుంది. సభలో మొదలైన ఆలోచన చట్టపు పాఠంలోకి చేరిన అరుదైన ఉదాహరణ ఇది. అయితే ఆ నిజాం ముసాయిదా సభలో పుట్టినది కాదు. వ్యక్తిగత స్థితి, పౌర లావాదేవీలు, సాక్ష్యం, విచక్షణా శిక్షలు అనే నాలుగు నిజాంల తయారీని 2021 ఫిబ్రవరిలో యువరాజు ముహమ్మద్ బిన్ సల్మాన్ ప్రకటించాడు. షూరా సభ వాటి పరిశీలనలో ఒక మెట్టు మాత్రమే. 2022 సెప్టెంబరులో ఆయనే ప్రధానమంత్రి అయ్యాడు. ఆ నాలుగింటిలో సాక్ష్య నిజాం 2021 చివర, వ్యక్తిగత స్థితి నిజాం 2022లో, పౌర లావాదేవీల నిజాం 2023 జూన్‌లో వెలువడ్డాయి. 23వ అధికరణం నేటికీ అమల్లో ఉంది, కమిటీలు యథావిధిగా కూర్చుంటున్నాయి. సౌదీ న్యాయస్థానాల పనితీరును ఈ దశాబ్దంలో మార్చిన పై మూడు నిజాంలలో ఒక్కటి కూడా ఆ అధికరణం దారిన రాలేదు.