నాలుగు స్వరముల రాగము

మార్గ సంగీతమునకు ఐదు స్వరములైన నుండవలెనని ‘బృహద్దేశి’లో మతంగుడు నిర్ణయించెను. నాలుగింటితో పాడు పాటను శబర పులిందాదులకు విడిచిపెట్టెను. మన కాలమున ఆ హద్దును దాటినవారు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు.

వారు 1930 జూలై 6న తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తమున జన్మించిరి. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారిది త్యాగరాజస్వామి శిష్యపరంపర. హద్దు మీరిన శిష్యుడు వెలువడినది ఆ పరంపరనుండియే! డెబ్బదిరెండు మేళకర్తలలోను కృతులు రచించిరి. విజయవాడ ఆకాశవాణిలో మావలెనే ఉద్యోగము చేసిరి. తెలుగిండ్లకు తెల్లవారుజామున ‘భక్తిరంజని’ని అలవాటు చేసినవారిలో వారొకరు.

వారి ‘మహతి’ రాగమున షడ్జము, అంతర గాంధారము, పంచమము, కైశిక నిషాదము మాత్రమే కలవు. మధ్యమము లేనందున అది యే మేళమున జన్యమో తేల్చుట కష్టము. ‘లవంగి’లో పంచమమే లేదు. రాగమును ఒకరు సృష్టింపగలరా యని వైణిక విద్వాంసులు ఎస్. బాలచందర్ గారు తీవ్రముగ ప్రశ్నించిరి. ఆ ప్రశ్నను తేలికగ త్రోసివేయరాదు. నాలుగు మెట్లపై కృతి నిలుచును, ఆలాపన నిలుచునా? వారి గళమున నిలిచినదనియే మేము తలచుచున్నాము. ఇతరుల గళమున మాటయో? 1975లో ‘అపూర్వ రాగంగళ్’ అను తమిళ చిత్రమున జేసుదాసుగారు పాడగా మహతి సామాన్య శ్రోతలను చేరెను. 2016 నవంబరు 22న చెన్నైలో దాని కర్త కన్నుమూసిరి.