నింగి రాలిన రాళ్ళు

సంశయమంటే తోసిపుచ్చడమేనని కొందరనుకుంటారు. ఆ రెంటి నడుమ ఎడం నాకు ఉల్కాశిలల చరిత్రలో కనిపిస్తుంది.

1768లో ఫ్రాన్సులోని లూసే వద్ద ఆకాశం నుండి రాయి పడగా కోతకూలీలు కళ్ళారా చూశారు. లెవోయిజర్ ప్రభృతులు దానిని పరీక్షించి, పిడుగు తగిలిన నేలరాయేనన్నారు. పరీక్షించారు కనుక మూఢులనలేను; కూలీల సాక్ష్యాన్ని మాత్రం పక్కకు నెట్టారు.

1803 ఏప్రిల్ 26న లేగ్ల్ పట్టణం చుట్టుపక్కల దాదాపు 3,000 రాళ్ళు కురిశాయి. విచారణకు వెళ్ళిన బియో ఊరూరా సాక్షులను ప్రశ్నించాడు, అటువంటి రాళ్ళు అక్కడి గనులలో, ఇనుప కొలుములలో ఉన్నాయేమోనని వెదికాడు (సంశయమంటే ఇదీ!). లేవు.

అంతకు ముందటేడే హోవర్డ్, 1798లో మన కాశీ దగ్గర పడిన రాతిలోనూ, ఐరోపా రాళ్ళలోనూ నికెల్ ఉన్నదని చూపాడు. ఇక అవి ఎక్కడివన్నదే మిగిలింది. చంద్రుడి అగ్నిపర్వతాలు విసిరినవేమోనని లాప్లాస్ ఊహ.