బల్ల

మొన్న సంక్రాంతికి ఊరెళ్తుంటే దామరచర్ల దాటాక మా బావ బండి జారి పడ్డాడు. హ్యాండిల్ ఎడమ డొక్కలో పొడుచుకుంది. పైకి గీత కూడా పడలేదు. "ఎడమ భుజం గుంజుతుందిరా" అంటే, మేం ఆ భుజానికే బామ్ రాశాం. తెల్లారి కళ్ళు తిరిగి పడిపోతే మిర్యాలగూడ తీసుకెళ్ళాం. స్కానింగ్‌లో తేలింది: ప్లీహం చిట్లి కడుపులోకి రక్తం కారుతోంది. ఆ రక్తం డయాఫ్రమ్‌కి తగిలితే నొప్పి భుజంలో తెలుస్తుందట.

"బల్ల పగిలిందారా?" అంది అమ్మమ్మ. చలిజ్వరాలతో ఉబ్బిన ప్లీహాన్ని పాతవాళ్ళు కడుపులో బల్ల అనేవారు.

ఆ రాత్రి ఐసీయూ బయట కూర్చుని ఫోన్లో ఆ మాట వెంట పోతుంటే ఆగ్రా తగిలింది. 1875లో ఓ ఆదివారం, చర్చికి బయల్దేరేటప్పుడు బండి దగ్గర లేడని ఫుల్లర్ అనే ఇంగ్లీషు వకీలు తన గుర్రాలవాడు కత్వారూని కొట్టి, జుట్టు పట్టి లాగాడు. మనిషి చచ్చిపోయాడు. శవపరీక్షలో ఉబ్బిన ప్లీహం పగిలి ఉంది. ఫుల్లర్‌కి పడ్డ జరిమానా 30 రూపాయలు. మర్నాటి ఏడు వైస్రాయ్ లిట్టన్ ఇదేం శిక్షని మందలిస్తే, ఇంగ్లీషు పత్రికలు ఆయన మీదే విరుచుకుపడ్డాయి. ఇలాంటి కేసులు ఇంకా ఉన్నాయి. డాక్టర్లు అబద్ధమాడలేదు, ఉబ్బిన ప్లీహం చిన్న దెబ్బకే పగులుతుంది. కాకపోతే కోర్టులో నేరం కొట్టినవాడి చెయ్యి వదిలి, చచ్చినవాడి కడుపులోకి వెళ్ళిపోయేది.

మలేరియా క్రిమిని దోమ కడుపులో మన సికింద్రాబాద్‌లో రాస్ చూసింది 1897 ఆగస్టు 20న. అంటే ఆ జ్వరం ఎలా అంటుకుంటుందో తెలియడానికి ముందే, దాన్ని సాకుగా వాడుకోవడం తెలుసన్నమాట.

వైద్యం కథ వేరే దారిలో నడిచింది. చాలాకాలం ప్లీహం చిట్లితే కోసి తీసెయ్యడమే. అది లేకపోయినా బతకొచ్చు కదా అనుకునేవారు. 1952లో కింగ్, షూమాకర్ అనే ఇద్దరు, ప్లీహం తీసేసిన పసిపిల్లలకి ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్లు వస్తున్నాయని రాశారు. 1968లో ఉపాధ్యాయ, సింప్సన్ టొరంటో పిల్లల ఆసుపత్రి అనుభవం ప్రచురించారు: కోయకుండా కనిపెట్టుకుని ఉంటే కొందరి ప్లీహం దానంతటదే మానుతుంది. ఇప్పుడు పెద్దవాళ్ళకీ, బీపీ నిలకడగా ఉంటే, ముందు అదే చేస్తారు. నిలబడకపోతే ఆపరేషనే, తీసేస్తే టీకాలు తప్పవు.

బావది నిలబడింది. రెండు రాత్రులు సర్వర్ గ్రాఫులు చూసినట్టు మానిటర్‌నే చూస్తూ కూర్చున్నా. మూడోరోజు లేచి అడిగాడు, "నా బండేదిరా?"