కిందికి దిగే బంతి

మొన్న దసరా సెలవులకి జనగామ వెళ్ళినప్పుడు ఎనిమిదో తరగతి పిల్ల చేతిలో చిత్తుగా ఓడిపోయాను. మా అక్క కూతురే. బడిలో సాఫ్ట్‌బాల్ ఆడుతోంది. "అండర్ ఆర్మే కదా, వెయ్ బిడ్డా" అని బ్యాట్ పట్టుకుని నిలబడ్డా. నడుమెత్తున వస్తున్న బంతి తీరా కొట్టబోయేసరికి మోకాళ్ళ కిందికి జారిపోయింది. మూడుసార్లూ అంతే. "అది డ్రాప్ మామా.. నీకు దొరకది" అని నవ్వింది.

అండర్ ఆర్మ్ అంటే మనకి గుర్తొచ్చేవి రెండే. ఒకటి, కిటికీ అద్దాలు పగలకుండా ఆడే గల్లీ క్రికెట్. రెండోది, 1981 ఫిబ్రవరి 1న మెల్‌బోర్న్‌లో అన్న గ్రెగ్ చెప్పాడని ట్రెవర్ చాపెల్ న్యూజిలాండ్ మీద నేలమీద దొర్లించిన ఆఖరి బంతి. ఒకటి పిల్లలాట, ఇంకోటి తొండి. నన్ను ఓడించింది ఈ చులకనేనని తర్వాత తెలిసింది.

సాఫ్ట్‌బాల్ 1887లో షికాగోలో పుట్టింది. జార్జ్ హాన్‌కాక్ అనే ఆయన పాత బాక్సింగ్ గ్లౌజుని బంతిలా కట్టి, చలికాలంలో గదిలోనే బేస్‌బాల్ ఆడించాడు. ఆ పేరు మాత్రం 1926లో గానీ రాలేదు. మన దేశంలో సంఘం 1961లో ఏర్పడింది. 1965లో ఆడవాళ్ళ మొదటి ప్రపంచ పోటీల్లో అమెరికాని ఆస్ట్రేలియా ఓడించింది.

బంతి తిరుగుడు కథ ఇంకా పాతది. టెన్నిస్ బంతి గాల్లో వంకర తిరగడం గురించి న్యూటన్ 1672లోనే రాశాడు. 1852లో జర్మనీకి చెందిన మాగ్నస్ దాని మీద ప్రయోగాలు చేశాడు. ముందుకి దొర్లుతున్నట్టు తిరిగే బంతి గాలిని పైకి నెడుతుంది, గాలి దాన్ని కిందికి తోస్తుంది. క్రికెట్‌లో టాప్ స్పిన్నర్ అనుకున్నదానికన్నా ముందే పడిపోయేది ఇందుకే. సాఫ్ట్‌బాల్‌లో దూరం 43 అడుగులే. 80 కి.మీ. వేగంతో వస్తే బ్యాటర్‌కి దొరికేది సుమారు అర సెకను!

ఇదంతా మా కోడలికి చెప్పబోతే "అవన్నీ నాకెందుకు మామా" అని సాధన చూపించింది. చూస్తే అచ్చం మన యూనిట్ టెస్టింగే :)

ముందు మణికట్టు ఒక్కటే. బంతి మీద స్కెచ్ పెన్నుతో గీత గీసి, నాలుగడుగుల దూరం నుంచి గోడకేసి వేళ్ళతో పైకి లాగి వదలాలి. గీత వణక్కుండా నిలువుగా తిరిగితే పాస్. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని సగం చెయ్యి తిప్పడం. అది కుదిరాకే నిలబడి పూర్తి చుట్టు. అడుగు మరీ పెద్దగా వేసి ఒళ్ళు వెనక్కి వాలితే బంతి దిగదు, కాబట్టి అడుగు చిన్నగా పడాలి. చివర్లో తాడు. బ్యాటర్‌కి కొంచెం ముందు మోకాలెత్తున కడతారు. బంతి తాడు పైనుంచి వచ్చి, దాటాక కిందికి దిగాలి.

ఇంత పట్టుదల ఎందుకంటే, మహబూబాబాద్, భూపాలపల్లి పిల్లలతో ఆడినప్పుడు రెండు మ్యాచ్‌లూ పోయాయట. దిగాల్సిన బంతి నడుమెత్తునే ఆగిపోయింది, వాళ్ళు బాదేశారు. ఆ రాత్రి అన్నం తినలేదని అక్క చెప్పింది. మర్నాటి నుంచి రోజుకి వంద బంతులు, గోడకి.

వంద అంటే నాకు ఎక్కువనిపించింది. కానీ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాన్ అమ్మాయి యుకికో ఉయెనో రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లలో 413 బంతులు వేసింది. ఫైనల్లో అమెరికా 3-1 తో ఓడింది. ఆ తర్వాత ఆటే ఒలింపిక్స్‌లో లేకుండా పోయింది. మళ్ళీ 2021లో టోక్యోలో పెడితే, 39 ఏళ్ళ వయసులో అదే ఉయెనో అమెరికాని మళ్ళీ ఓడించింది. 2024లో మళ్ళీ లేదు. 2028 లాస్ ఏంజెలెస్‌కి తిరిగి చేర్చారు.

ఎవరూ చూడని ఆటలు మన ఓరుగల్లుకి కొత్త కాదు. వరంగల్‌లో స్థిరపడ్డ జమ్మలమడక పిచ్చయ్య గారు 1970లో బాల్ బ్యాడ్మింటన్‌కి అర్జున అవార్డు తెచ్చారు. ఆ ఆట ఒలింపిక్స్‌లో ఎప్పుడూ లేదు. అయినా ఆడారు.

బస్సెక్కేటప్పుడు మా కోడలు ఒకటే అడిగింది, "మామా, ఈసారి వచ్చేటప్పుడు బాల్ తే. దీని కుట్లు ఊడిపోయినయ్". గోడకేసి కొట్టీ కొట్టీ అరిగిపోయిన ఆ బంతి మీద గీత మాత్రం ఇంకా నిలువుగానే ఉంది.