రేడియోధార్మిక వ్యర్థములు – పేదదేశముల గృహకృత్యము

ఇల్లు కట్టువాఁడు పొయ్యి యెక్కడ నుండవలెనో ముందుగా నాలోచించును. ఆ పొయ్యిలోని బూడిద యెక్కడ పోయవలెనో ఆ యింటి యిల్లాలు ప్రతిదినము నాలోచింపవలసి వచ్చును. శాస్త్రవిజ్ఞానచరిత్రములను వ్రాసినవారిలో ననేకులు పొయ్యి రాజుకొన్న కథనే వ్రాసిరి. బూడిద యేమైనదో వ్రాసినవారు తక్కువ. రేడియోధార్మిక పదార్థముల విషయమున నీ లోపము మిక్కిలి హానికరము. ఏలయన ఈ బూడిద చల్లాఱుటకు కొన్ని తరగతుల పదార్థములలో దినములును, కొన్నిటిలో నూఱులయేండ్లును, మఱికొన్నిటిలో వేలయేండ్లును పట్టును. కాఁబట్టి ధనము చాలని దేశములు ఈ పనిని ఎట్లు నిర్వహించినవో, ఎక్కడ తప్పటడుగు వేసినవో, ఏ యుపాయములచేత బాగుపడుచున్నవో ఈ వ్యాసమున సంగ్రహముగా వ్రాయఁదలఁచితిమి.

రేడియోధార్మిక వ్యర్థమనఁగానే మనవారిలో పెక్కుమందికి అణువిద్యుత్కేంద్రము మాత్రమే తలఁపునకు వచ్చును. ఇది సగము నిజము. అణువిద్యుత్కేంద్రము లొక్కటియు లేని దేశములలోఁ గూడ నీ వ్యర్థములు గలవు. క్యాన్సరు వైద్యమునకు కోబాల్టు-60, సీసియము-137 వాడుదురు; గొట్టముల యతుకులను పరీక్షించుటకు ఇరిడియము-192 వాడుదురు; కర్మాగారములలో మట్టములను, మందములను కొలుచుటకును ఇట్టి మూలకములే సాధనములు. వీనిలో ప్రతిదానికిని అర్ధాయువను నొక కాలపరిమితి గలదు; అనఁగా దాని తేజస్సు సగమగుటకు పట్టు కాలము. ఇరిడియమునకు 74 దినములు, కోబాల్టునకు ఐదేండ్లకుఁ గొంచె మెక్కువ, సీసియమునకు 30 ఏండ్లు, రేడియమునకు 1600 ఏండ్లు. వైద్యునికి పనికిరానంత బలహీనమైన గుళికయు, దానిని చేత పట్టిన కూలివానికి ప్రాణాంతకము కావచ్చును. పనికిరాకపోవుట వేఱు, అపాయము తీఱుట వేఱు. ఈ భేదమును మఱచుటయే మేము చెప్పఁబోవు దుఃఖములకెల్ల మూలము.

రేడియమును 1898లో క్యూరీ దంపతులు కనిపెట్టిరి. 1921లో అమెరికా స్త్రీలు చందాలు వేసికొని మేరీ క్యూరీకి ఒక గ్రాము రేడియమును కానుకగా నిచ్చిరి. ఆ యొక్క గ్రాము వెల లక్ష డాలర్లు. అంత ప్రియమైన వస్తువును లోకమునందలి వైద్యశాలలు సూదులుగా, గొట్టములుగా చేయించి దాఁచుకొనెను. తరువాత 1950 ప్రాంతమునుండి కృత్రిమముగా చేయఁబడిన కోబాల్టు, సీసియము చౌకగా లభింపఁగా రేడియము మూలఁబడెను. మూలఁబడిన రేడియము ఊరకుండునది కాదు. మూసిన గొట్టములో దానినుండి వాయువులు పుట్టి లోపల నొత్తిడి కలిగించును. గొట్టము పగిలినచో రేడాన్ వాయువు వెలికి వచ్చును. ధనిక దేశములు తమ రేడియమును ప్రత్యేకశాలలలో భద్రపఱచుకొనఁగలిగెను. ఇతర దేశములలో నది సీసపు పెట్టెలలో, పాతబీరువాలలో, తాళపుచెవి యెవరికడ నున్నదో తెలియని గదులలో నిలిచిపోయెను. కొన్ననాఁడు బంగారముకన్న ప్రియమైనది విడిచిననాఁడు ఎవరికిని వలదయ్యెను.

ఇట్టి యుపేక్ష ఎంతదూరము పోవునో చూపునది బ్రెజిల్ దేశమునందలి గొయానియా పట్టణపు కథ. అచ్చటి యొక వైద్యసంస్థ 1985 చివర తన భవనమును విడిచి పోవుచు సీసియముగల యంత్రము నొకదానిని అందే వదలెను. 1987 సెప్టెంబరులో ఇరువురు మనుష్యులు శిథిలమైన యా యింటిలో దూఱి, సీసము విలువగలదని తలఁచి, యంత్రభాగమును ఊడఁదీసి తుక్కు వర్తకునకు అమ్మిరి. లోపలి పొడి చీఁకటిలో నీలముగా మెఱయుట చూచి జనులు ముచ్చటపడి పంచుకొనిరి. పిల్లలు దానితో నాడుకొనిరి. ఇంటిలోనివారందఱును వ్యాధిపడుట చూచి ఆ వర్తకుని భార్య ఈ పొడియే కారణమని యనుమానించినది. ఆమె మిగిలిన భాగమును సంచిలో పెట్టించుకొని బస్సులో ఆరోగ్యశాఖవారికడకు తీసికొనిపోయెను. మఱునాఁడే సంగతి బయటపడెను. ఆమెయు, ఆఱేండ్ల బాలికయు, మఱి యిరువురును మరణించిరి. లక్షా పండ్రెండువేలమందిని పరీక్షింపవలసివచ్చెను. 249 మందికి ఆ పొడి యంటియుండెను. ఇండ్లు కొన్ని కూల్చఁబడెను. నూఱు గ్రాములకు తక్కువయైన పొడినుండి పుట్టిన వ్యర్థము 3,500 ఘనమీటర్లు. ఆ గృహిణి బుద్ధి గొప్పదా, యంత్రమును విడిచిపోయిన విద్వాంసుల బుద్ధి గొప్పదా యని చదువరులే విచారింతురు గాక.

ఈ కథ యొంటరిది కాదు. 1983లో మెక్సికో దేశపు హువారెస్ పట్టణమున నొక కోబాల్టు యంత్రము తుక్కుగా అమ్ముడువోయి, దాని గుళికలు ఉక్కుతో కరఁగి, ఇండ్లకు వేయు కడ్డీలలోనికి పోయెను. ఆ కడ్డీలను మోయుచున్న లారీ 1984 జనవరిలో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలవైపు త్రోవతప్పి రాఁగా, అచ్చటి సూచకయంత్రము మ్రోఁగుటచేతనే లోకమునకు తెలిసెను. 2000 సంవత్సరమున థాయిలాండులో నిట్టి యంత్రమే మువ్వురి ప్రాణములు గొనెను. మన దేశమున 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్రశాఖలో 1985 నుండియు వాడుక లేక పడియున్న గామా యంత్రము వేలమువేయఁబడి, మాయాపురి తుక్కుబజారు చేరెను. కోబాల్టు కడ్డీలు ముక్కలుగా కోయఁబడెను. ఒకఁడు మరణించెను, పలువురు వైద్యశాల పాలైరి. కొన్నవారు విద్వాంసులు, అమ్మినవారు విద్వాంసులు. చచ్చినవాఁడు మాత్రము తుక్కు కోయు కూలివాఁడు.

ఈ నాలుగు కథలయందును శాస్త్రము ఓడిపోలేదు; లెక్క యోడిపోయినది. ఏ వస్తువు ఎప్పుడు వచ్చినది, ఎవరి యధీనమున నున్నది, పని తీఱినతరువాత ఎక్కడికి పోవలెను అను మూఁడు ప్రశ్నలకు వ్రాఁతమూలమైన యుత్తరము లేకపోవుటయే కారణము. ఒక జాబితాపుస్తకమునకును, ఒక గట్టి గదికిని అగు వ్యయమెంత? 3,500 ఘనమీటర్ల మట్టిని, ఇటుకలను, జనుల గుడ్డలను డబ్బాలలో నింపి తరతరములు కాపాడుటకగు వ్యయమెంత? పేదదేశము భద్రతకై వ్యయపడలేదనువారు ఈ రెండింటిని పోల్చి చూడవలెను. భద్రత లేకుండుటయే పేదవాని తాళజాలని వ్యయము.

ఇఁక ఉపాయముల సంగతి. 1957లో వియన్నానగరమున స్థాపింపఁబడిన అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఈ విషయమున చేసిన పని ప్రశంసనీయము. అది 1990 తరువాతి యేండ్లలో అనేక దేశముల పాతరేడియమును వెదకి భద్రపఱచుటకు సహాయము చేసెను. పద్ధతి సులభము: రేడియపు సూదులను తుప్పుపట్టని ఉక్కుగుళికలో పెట్టి అతుకువేసి, కారుట లేదని పరీక్షించి, సీసపు కవచములో నుంచి, కాంక్రీటు నింపిన ఉక్కుపీపాలో అమర్చుదురు. ప్రతిదేశమును గొప్ప కర్మాగారము కట్టనక్కఱలేదు. శిక్షణ పొందిన కొలఁదిమంది పనిముట్లతో దేశమునుండి దేశమునకు పోయినను చాలును. రెండవ యుపాయము, కొనునప్పుడే పని తీఱిన గుళికను అమ్మినవాఁడే తిరిగి తీసికొనవలెనని ఒడంబడిక చేసికొనుట. మూఁడవది, బావి త్రవ్వు యంత్రముతోనే భూమిలో సన్నని లోఁతైన రంధ్రము చేసి, ఉక్కుపాత్రలలోని గుళికలను 30 మీటర్లకు మించిన లోఁతున దింపి, సిమెంటుతో మూసివేయుట. ఈ పద్ధతి దక్షిణాఫ్రికాలో రూపొందినది. 2023లో మలేషియావారు దీనిని ఆచరణలో పెట్టిరి. ఘానాదేశమువారును దీనికై పూనుకొనిరి. కోట్లు వెచ్చించి పర్వతగర్భమున గుహలు త్రవ్వలేని దేశమునకు ఇది తగిన మార్గము. అయితే ఇది చిన్నగుళికలకే గాని విద్యుత్కేంద్రములనుండి వచ్చు తీవ్రవ్యర్థమునకు గాదు.

చేయఁగూడని పనులు కూడ చరిత్రము నేర్పినది. 1946 మొదలు అనేక సంవత్సరములు గొప్పదేశములు తమ వ్యర్థములను పీపాలలో నింపి సముద్రమున పడవైచినవి. 1993లో నది పూర్తిగా నిషేధింపఁబడెను. ధనికుల వ్యర్థమును దరిద్రుల దేశమునకు పంపు దురాచారమును ఆఫ్రికా దేశములు 1991 నాఁటి బమాకో యొడంబడికచేత కాదనెను. సహాయమనఁగా విద్యను, పనిముట్లను ఇచ్చుటయే గాని తన యింటిచెత్తను పొరుగుదొడ్డిలో పోయుట గాదు.

మన దేశము ఈ విద్యలో వెనుకఁబడినది కాదు. తీవ్రవ్యర్థద్రవమును గాజుతో కరఁగించి గట్టిముద్దగా చేయు పద్ధతి ట్రాంబే, తారాపూర్, కల్పాక్కములలో అమలు జరిగినది. వ్యర్థమును భద్రముగా తొలఁగించుటకై 1987లో ప్రత్యేకనియమములు చేయఁబడెను. ఇంతకంటె ముచ్చటయైన సంగతి యొకటి గలదు. భాభా అణుపరిశోధనకేంద్రమువారు ఆ వ్యర్థమునుండియే సీసియమును వేఱుపఱచి, గాజుకడ్డీలుగా చేసి, వైద్యశాలలలో రక్తమునకు కిరణములు సోఁకించు యంత్రములకు ఇచ్చిరి. గొయానియాలో చేటుతెచ్చినది నీటిలో కరఁగు సీసియపు పొడి; ఇది చెదరని, కరఁగని గాజు. ఒకే మూలకము, రూపము మాఱుటచే నపాయము తగ్గినది.

ఇది తెలుగువారికి దూరపు ముచ్చట యని యెవరు తలఁచినను పొరపాటు. హైదరాబాదునందలి అణుఇంధనకర్మాగారము 1971 నాఁటిది. కడపసీమలో తుమ్మలపల్లె గనినుండి 2012 మొదలు యురేనియము తీయఁబడుచు వచ్చినది. అచ్చటి రాతిలో వేయిపాళ్లలో నొకపాలు యురేనియమైనను లేదు. కాఁబట్టి త్రవ్వినదంతయు దాదాపు గసిగానే చెఱువు చేరును, యురేనియము వెంట నుండిన రేడియమును అందే నిలుచును. తమ బావినీరు చెడినదని, అరఁటితోఁటలు దెబ్బతిన్నవని చుట్టుపట్ల రైతులు మొఱపెట్టిరి; గని కారణము కాదని కంపెనీవారనిరి. ఇట్టి వాదము తీఱుటకు మార్గమొక్కటే: గని తెఱవకముందే బావులనీటిని పరీక్షించి వ్రాసియుంచుట, తరువాత ఏఁటేట పరీక్షించి గ్రామచావడిలో తెలుఁగున ప్రకటించుట.

మా కొత్తవలస కూడలినుండి దూరము కానిచోటనే భీమునిపట్టణపు ఇసుకలలో థోరియముగల మొనజైటు ఉన్నది. శ్రీకాకుళపుసీమలో రణస్థలము చెంతనున్న కొవ్వాడ ఆఱు రియాక్టర్ల అణువిద్యుత్కేంద్రమునకు ఎంపికైనది. విశాఖపట్టణమునందలి క్యాన్సరు వైద్యశాలలకు మన పల్లెలనుండి రోగులు పోవుచునే యున్నారు. కాఁబట్టి ఈ శక్తి మాకు వలదని తలుపు మూసికొనుటయు, పెద్దలు చూచుకొందురులే యని కన్నులు మూసికొనుటయు రెండును తగవు. మొదటిది రోగికి మందు నిరాకరించుట. రెండవది మాయాపురి కూలివానిని మఱచుట. కొవ్వాడ జాలరి యడుగవలసినది భయముతోఁ గూడిన కేకయు గాదు, నమ్మకముతోఁ గూడిన మౌనమును గాదు. మండిన యింధన మెచ్చట నుండును, ఎన్నాళ్లుండును, సొమ్మెవ్వరిచ్చెదరు అను ప్రశ్న.

మన యిండ్లలో, బడులలో నిపుడే చేయఁదగిన పని యొకటి గలదు. మూఁడు ఱెక్కలుగల చిహ్నము 1946లో అమెరికాలో పుట్టి లోకమంతటను వ్యాపించినది. కాని తెలియనివారికి అది విసనకఱ్ఱవలె తోఁచును గాని అపాయమును సూచింపదు. అందుచేత 2007లో అంతర్జాతీయసంస్థలు ఎఱ్ఱని త్రికోణములో కిరణములను, పుఱ్ఱెను, పరుగెత్తు మనుష్యుని చూపు మఱియొక చిహ్నమును ప్రచురించెను. ఈ రెండు చిహ్నములను బాలురకు, బాలికలకు అక్షరములతోపాటు నేర్పవలెను. తుక్కు కొనువారికి, బరువైన సీసపుపెట్టెను విప్పఁగూడదని చెప్పవలెను. గొయానియా గృహిణి అనుమానముచేత నేర్చినదానిని మన గృహిణులు ముందుగానే విద్యచేత నేర్చినచో, ఆమె మరణము మనకు వ్యర్థము కాదు.